గీత మూసుకుంటుందా? – ఒక వేసవి ఇంటర్న్‌షిప్ ప్రాజెక్టు డైరీ

ఇంటర్నులు రాకముందు

ఈ వేసవికి మా ల్యాబ్‌కి ఇద్దరు హైస్కూల్ పిల్లలు వస్తున్నారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. ఎనిమిది వారాల బయోమెడికల్ ఇంటర్న్‌షిప్. వాళ్లని చూసుకునే పని నాకు పడింది. మా ప్రొఫెసర్ గారు పెట్టిన షరతు ఒక్కటే: "చివర్లో పోస్టర్ మీద వాళ్లు కొలిచిన అంకెలే ఉండాలి, నీవి కాదు." ఆ మాటతో నేను అనుకున్న ప్రాజెక్టుల్లో సగం ఎగిరిపోయాయి.

దరఖాస్తుల్లో ఇద్దరూ రాసింది క్యాన్సర్ గురించే. ఒకరికి కొత్త మందు కనిపెట్టాలనుంది, ఇంకొకరికి క్యాన్సర్ ఒంట్లో ఎలా పాకుతుందో తేల్చాలనుంది. ఆ వయసులో అలా రాయకపోతేనే ఆశ్చర్యం. కానీ మొదటి వారం శిక్షణకీ, చివరి వారం పోస్టర్‌కీ పోతాయి. మిగిలిన ఆరు వారాల్లో ప్రయోగం చేతికి అలవాటవ్వాలి, అలవాటయ్యాక వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు మళ్లీ చెయ్యాలి. కాబట్టి రెండు మూడు రోజుల్లో జవాబు వచ్చే ప్రశ్నే కావాలి. ఆ జవాబు కూడా ఖరీదైన యంత్రం చెప్పేది కాకుండా వాళ్లు కళ్లతో చూసి కొలవగలిగేదై ఉండాలి.

ఇద్దరికీ పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఇంకో జాబితా ఉంది. రోగుల రక్తం, టిష్యూ ముట్టుకోకూడదు. జంతువుల గదిలోకి వెళ్లకూడదు. జబ్బు చేసే సూక్ష్మజీవులతో పని వద్దు. ల్యాబ్‌లో ఒంటరిగా ఉండకూడదు, సాయంత్రం ఆరు దాటకూడదు. తల్లిదండ్రుల సంతకాలు, సేఫ్టీ ట్రైనింగ్, దాని మీద చిన్న పరీక్ష ఎలాగూ ఉన్నాయి. ఈ కాగితాలన్నీ పిల్లలు వచ్చే రోజుకి కాకుండా నెల ముందే పూర్తిచేయించాం. మొదటి వారమంతా సంతకాల కోసం తిరగడంతోనే అయిపోయిన ఇంటర్నులని చాలామందిని చూశాను.

చివరికి స్క్రాచ్ అస్సే దగ్గర ఆగాను. ప్లేట్ అడుగున కణాలు ఒకే పొరగా, ఖాళీ లేకుండా పెరుగుతాయి. పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) టిప్‌తో మధ్యలో ఒక గీత గీస్తాం. అక్కడి కణాలు లేచిపోయి ఖాళీ ఏర్పడుతుంది. అటూ ఇటూ ఉన్న కణాలు ఆ ఖాళీలోకి పాకుతూ వచ్చి దాన్ని పూడుస్తాయి. ఎంతసేపట్లో ఎంత పూడిందో ఫోటోలు తీసి కొలుస్తాం. గాయం మానడంలో ఒక ముక్కకి ఇది నమూనా. పాకడమే కాబట్టి క్యాన్సర్ ఎలా పాకుతుందని అడిగిన పిల్లకి కూడా అంత దూరమేమీ కాదు.

కణాలు ఎన్‌ఐహెచ్ 3టీ3. ఎలుక పిండం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులు, అంటే ఒంట్లో అవయవాల మధ్య అల్లికని కట్టే కణాలు. 1962లో న్యూయార్క్ యూనివర్సిటీలో జార్జ్ టొడారో, హోవర్డ్ గ్రీన్ మొదలుపెట్టిన 3టీ3 పద్ధతిలోనే తర్వాత తయారుచేసిన లైన్ (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే కణాల వంశం) ఇది. మూడు రోజులకోసారి కొత్త డిష్‌లోకి మార్చడం, మార్చినప్పుడల్లా 3 లక్షల కణాలే వెయ్యడం వాళ్ల పద్ధతి. పేరులో రెండు మూళ్లు అలా వచ్చినవే. బయోసేఫ్టీ లెవెల్ 1, అంటే ప్రమాదం అన్నిటికంటే తక్కువ ఉన్న తరగతి కాబట్టి పిల్లలకి ఇవ్వొచ్చు. పైగా ఇవి మొండి కణాలు. కొత్త చేతులు కాస్త తడబడినా బతికేస్తాయి.

ప్రశ్న: మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) తగ్గిస్తే గీత మూసుకోవడం నెమ్మదిస్తుందా? 10 శాతం, 5 శాతం, 1 శాతం. అంతే.

మొదటి వారం

వచ్చీ రాగానే ఇద్దరి ముఖాల్లో నిరాశ కనిపించింది. "క్యాన్సర్ కణాలు ఉండవా మేడమ్?" అని అబ్బాయి అడిగాడు. ఉండవన్నాను. ఎందుకో చెప్పకుండా ఇద్దరికీ చెరో పిపెట్, రంగు నీళ్లు, తూకం యంత్రం ఇచ్చాను.

పిపెట్ బొత్తానికి రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టు దాకా నొక్కి టిప్‌ని ద్రవంలో ముంచి, మెల్లగా వదిలితే కావలసినంత పైకి వస్తుంది. బయటికి పంపేటప్పుడు రెండో మెట్టు దాకా నొక్కాలి. కొత్తవాళ్లందరూ తీసుకునేటప్పుడే రెండో మెట్టు దాకా నొక్కేస్తారు, అప్పుడు ఎక్కువ వస్తుంది. మాటలతో ఎంత చెప్పినా ఎక్కదు. తూకం చెబితే ఎక్కుతుంది. 1000 మైక్రోలీటర్ల నీళ్లు గది వేడిలో దాదాపు 1 గ్రాము తూగాలి. పదిసార్లు తీసి, పది తూకాలూ రాసి, సగటు చూసుకోమన్నాను. అమ్మాయి సగటు బాగానే ఉంది కానీ ఒక్కో తూకం ఒక్కోలా ఉంది. అబ్బాయి తూకాలన్నీ ఒకేలా ఉన్నాయి, కానీ అన్నీ ఎక్కువే. ఎవరి లోపం ఏమిటో వాళ్లే కనిపెట్టుకున్నారు. అబ్బాయి రెండో మెట్టు నొక్కుతున్నాడు. అమ్మాయి బొత్తాన్ని ఒక్కసారిగా వదిలేస్తోంది, టిప్‌లోకి గాలి బుడగలు వస్తున్నాయి.

ల్యాబ్ నోట్‌బుక్ నియమాలు కూడా ఈ వారమే. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టెయ్యాలి, కింద ఉన్నది కనపడాలి. వైట్‌నర్ నిషేధం. పేజీ చింపడం అంతకంటే నిషేధం. స్కూల్లో నోట్సు నీటుగా ఉంటేనే మార్కులు వచ్చిన పిల్లలకి ఇది మింగుడుపడదు. అమ్మాయి రహస్యంగా రఫ్ కాగితం మీద రాసుకుని తర్వాత ఫెయిర్ చేస్తోందని గురువారం తెలిసింది. ఆ రఫ్ కాగితాలనే నోట్‌బుక్‌లో అంటించమన్నాను.

రెండో వారం

లెక్కపెట్టడం. ప్లేట్‌లోని ప్రతి వెల్‌లో (చిన్న గుంటలో) ఒకే సంఖ్యలో కణాలు వెయ్యకపోతే ఒక చోట పొర నిండుతుంది, ఇంకో చోట నిండదు. అప్పుడు గీతలని పోల్చలేం.

హీమోసైటోమీటర్ అంటే సన్నటి గళ్లు చెక్కిన మందపాటి గాజు పలక. మూలల్లో ఉన్న పెద్ద గడి ఒక్కొక్కటి 1 మిల్లీమీటరు పొడవు, 1 మిల్లీమీటరు వెడల్పు. పైన పెట్టే పల్చటి గాజు ముక్క, కవర్ స్లిప్‌కీ పలకకీ మధ్య 0.1 మిల్లీమీటరు ఎడం. అంటే గడిలో పట్టేది మిల్లీలీటరులో పదివేలో వంతు. అందుకే గడికి సగటున ఎన్ని కణాలున్నాయో చూసి 10,000తో హెచ్చవేస్తాం. ట్రిపాన్ బ్లూ అనే రంగుని సమానంగా కలుపుతాం కాబట్టి ఇంకో 2తో హెచ్చవెయ్యాలి. చచ్చిన కణాలు ఆ రంగు పీల్చుకుని నీలంగా మారతాయి, బతికున్నవి మెరుస్తూ ఉంటాయి. గీత మీద పడ్డ కణాల సంగతేమిటి? పై గీత, ఎడమ గీత మీదివి లెక్కలోకి వస్తాయి, కింద గీత, కుడి గీత మీదివి రావు.

నాలుగు గళ్లలో 52, 47, 55, 50. సగటు 51. మిల్లీలీటరుకు 10,20,000 కణాలు. అబ్బాయి సగటు తియ్యడం మరిచి 40,80,000 అన్నాడు. తప్పని చెప్పకుండా, మొత్తం ఎంతుందో చెప్పమన్నాను. 5 మిల్లీలీటర్లు కాబట్టి రెండు కోట్ల పైన. "ఈ కణాలు పెరిగిన ఆ ఫ్లాస్క్ అడుగు 75 చదరపు సెంటీమీటర్లు. ఈ కణాలు ఒకే పొరగా రెండు కోట్లు పడతాయా?" అన్నాను. కాసేపు ఫ్లాస్క్ వంకా కాగితం వంకా చూసి మళ్లీ లెక్క వేసుకున్నాడు. అప్పట్నుంచి ఏ అంకె వచ్చినా ముందు "ఇది పడుతుందా?" అని తనే అడుగుతున్నాడు. ఈ వారంలోనే నేను మేడమ్ నుంచి అక్కనయ్యాను, ఎప్పుడో గమనించలేదు.

24 వెల్స్ ప్లేట్‌లో వెల్‌కి లక్ష చొప్పున వేశారు. మర్నాటికి పొర నిండింది. మొదటి గీతలు దారుణం. ఒకటి వంకర, ఒకటి రెండుసార్లు గీసినది, ఒకదాంట్లో పొర మొత్తం చాపలా లేచి వచ్చేసింది. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడిగేటప్పుడు నేరుగా కణాల మీద పోస్తే అంతే. వెల్ గోడకి ఆనించి, మెల్లగా జారనివ్వాలి. కడగకుండా వదిలేద్దామా అంటే అదీ కుదరదు. ఊడిన కణాలు తేలి వచ్చి ఆ ఖాళీలోనే దిగి అతుక్కుంటాయి, పాకకుండానే గీత పూడినట్టు కనిపిస్తుంది.

మూడో వారం, సోమవారం

వారాంతంలో ఇంక్యుబేటర్‌కి (కణాలని 37 డిగ్రీల దగ్గర పెంచే పెట్టెకి) కార్బన్ డయాక్సైడ్ అందలేదు. సిలిండర్ ఖాళీ. ఎర్రగా ఉండాల్సిన మీడియం అంతా ముదురు గులాబీ రంగుకి తిరిగింది. పిల్లలు వేసిన ప్లేట్లు పోయాయి, నావీ పోయాయి.

మామూలుగానైతే మీడియంలో పీహెచ్‌ని బట్టి రంగు మారే ఫినాల్ రెడ్ ఎందుకుందో బోర్డు మీద చెప్పేదాన్ని. ఇప్పుడు ప్లేట్ చూపిస్తే సరిపోయింది. మీడియంలో ఉన్న బైకార్బనేట్‌కి 5 శాతం కార్బన్ డయాక్సైడ్ తోడైతేనే పీహెచ్ 7.4 దగ్గర నిలబడుతుంది. గ్యాస్ లేకపోతే క్షారం వైపు పోయి గులాబీ అవుతుంది. అదే పసుపు రంగుకి మారితే కణాలు ఎక్కువై ఆమ్లం పేరుకుందని, పసుపుతోపాటు మురిగ్గా కూడా ఉంటే బ్యాక్టీరియా దూరిందని అనుకోవాలి. "అంటే 37 డిగ్రీలు ఉంటే చాలదన్నమాట" అని అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ పక్కనే, సిలిండర్ గేజ్ ప్రతి శుక్రవారం చూడాలని కూడా రాసింది. ఆ డ్యూటీ నేను ఇచ్చింది కాదు, తనే తీసుకుంది.

నాలుగో వారం

మొదటి సక్రమమైన ప్లేట్. పొద్దున గీసి, సాయంత్రం ఒక ఫోటో, మర్నాడు పొద్దున 24 గంటలకి ఇంకో ఫోటో అని ప్లాన్. ప్లేట్ అడుగున మార్కర్‌తో చిన్న అడ్డగీత పెట్టుకున్నారు, ప్రతిసారీ అదే చోట ఫోటో రావాలి కదా.

24 గంటలకి చూస్తే 10 శాతంలోనూ 5 శాతంలోనూ గీత ఆనవాలే లేదు. పూర్తిగా మూసుకుపోయాయి. ఇద్దరూ సంబరపడ్డారు. కాసేపయ్యాక అబ్బాయికే అనుమానం వచ్చింది: "రెండూ మూసుకుంటే ఏది ముందు మూసుకుందో ఎలా తెలుస్తుంది అక్కా?" తెలియదు. పరుగు పందెంలో అందరూ గీత దాటాక ఫోటో తీస్తే గెలిచిందెవరో చెప్పలేం.

మధ్యలో ఫోటో తియ్యాలంటే రాత్రి రావాలి, వాళ్లు రాకూడదు. నేను వచ్చి తీస్తే అవి నా ఫోటోలవుతాయి. దీనికి దారి అమ్మాయి చెప్పింది. గియ్యడాన్నే సాయంత్రానికి మార్చితే? ఐదు గంటలకి గీసి, మొదటి ఫోటో తీసి వెళ్లిపోతే, పొద్దున తొమ్మిదికి సరిగ్గా 16 గంటలు. ఆ సమయానికి 10 శాతంలో సన్నటి సందు ఇంకా మిగిలే ఉంది. మిగతా రెండిట్లో అంతకంటే ఎక్కువ. ఇక పోల్చొచ్చు. ఆరు దాటకూడదన్న నియమం వల్ల ప్రయోగం చెడుతుందని భయపడ్డాను కానీ, దాని పుణ్యమానే సరైన సమయం దొరికింది.

అదే వారం, పేపర్ చదివిన రోజు

శుక్రవారాలు బెంచ్ పని ఉండదు. కూర్చుని చదువుకుంటాం. ఈ శుక్రవారం ప్రశ్న: అసలు సీరమ్‌లో ఏముంది?

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. రక్తం గడ్డకట్టకుండా కణాలని తీసేస్తే మిగిలేది ప్లాస్మా. గడ్డకట్టాక మిగిలేది సీరమ్. గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలో దాచుకున్నవన్నీ బయటికి వదులుతాయి. 1974లో రసెల్ రాస్ బృందం సీరమ్‌నీ, ప్లేట్‌లెట్లు తీసేసిన ప్లాస్మా నుంచి చేసిన సీరమ్‌నీ పక్కపక్కన పెట్టి చూసింది. మొదటిదాంట్లో కణాలు జోరుగా పెరిగాయి, రెండోదాంట్లో అంతంతమాత్రమే. ప్లేట్‌లెట్లు వదిలిన ఆ పదార్థమే తర్వాత పీడీజీఎఫ్‌గా (ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే, పెరుగుదలకి ఉసిగొల్పే పదార్థం) పేరుపడింది. ఫైబ్రోబ్లాస్టులని పెరగమని, కదలమని చెప్పే సంకేతాల్లో ఇది ముఖ్యమైనది.

ఇప్పుడు ఒంట్లో ఉన్న ఫైబ్రోబ్లాస్టు వైపు నుంచి ఆలోచించండి. మామూలు రోజుల్లో దాని చుట్టూ ఉండేది ప్లాస్మా నుంచి ఊరిన ద్రవం. సీరమ్ దానికి తగిలేది ఒక్కచోటే. రక్తనాళం తెగి, రక్తం గడ్డకట్టిన చోట. అంటే గాయం దగ్గర. మనం ల్యాబ్‌లో పోసే ప్రతి మిల్లీలీటరూ కణానికి "ఇక్కడ దెబ్బ తగిలింది" అని చెబుతోంది. 1999లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ ఒకటి పిల్లలకి ఇచ్చాను. మనిషి ఫైబ్రోబ్లాస్టులని సీరమ్ లేకుండా ఉంచి, మళ్లీ సీరమ్ ఇచ్చి, దాదాపు 8,600 జన్యువులు ఎలా స్పందించాయో చూశారు. గాయం మానడానికి సంబంధించినవి అందులో బోలెడు బయటపడ్డాయి. పేపర్‌లో బొమ్మలే చూడమన్నాను, మొత్తం అర్థమవ్వాల్సిన పని లేదు. అమ్మాయి మాత్రం పట్టుపట్టి ప్రయోగం ఎలా చేశారో చెప్పే మెథడ్స్ భాగం దాకా వెళ్లింది.

"అయితే మనం గీత గియ్యకముందే కణాలు గాయమైందనుకుంటున్నాయా?" అని అబ్బాయి. ఒక రకంగా అంతే. క్యాన్సర్ ప్రస్తావన ఆ రోజు నుంచి మళ్లీ రాలేదు. నేను ఎదురుచూశాను కూడా.

ఐదో వారం

కొలవడం. ఇమేజ్‌జే వాడుతున్నాం. 1997లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో వేన్ రాస్‌బాండ్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్, ఉచితం. ఏ ల్యాబ్‌లో చూసినా ఉంటుంది. ఫోటోలో ఖాళీ చుట్టూ గీత గీస్తే వైశాల్యం చెబుతుంది. ముందు స్కేల్ సరిచెయ్యకపోతే మాత్రం మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాకుండా పిక్సెల్స్ వస్తాయి.

ఒకే ఫోటోని ఇద్దరినీ విడివిడిగా కొలవమన్నాను. తేడా బాగానే వచ్చింది. ఖాళీ మధ్యలో ఒంటరిగా తిరుగుతున్న కణాన్ని అమ్మాయి ఖాళీలోంచి తీసేస్తోంది, అబ్బాయి వదిలేస్తున్నాడు. ఏది సరైనదన్నది ముఖ్యం కాదు, ఇద్దరూ ఒకటే చెయ్యాలి. పొరకి అతుక్కుని ఉన్నవే అంచు, ఒంటరి కణాలని పట్టించుకోం అని నియమం రాసుకున్నారు. ఆ తర్వాత తేడా బాగా తగ్గింది.

ఇంకో సమస్య కూడా ఉంది. ఏ ఫోటో 1 శాతానిదో తెలిసి కొలిస్తే, చెయ్యి తనకి తెలియకుండానే ఖాళీని కాస్త పెద్దగా గీస్తుంది. అందుకని ఫైళ్ల పేర్లన్నీ కోడ్ నంబర్లుగా మార్చి, ఏది దేనిదో రాసిన కాగితం నా డ్రాయర్‌లో పెట్టాను. అన్నీ కొలిచి షీట్ నాకు ఇచ్చాకే కాగితం బయటికి వస్తుంది. అబ్బాయికి ఇది కొంచెం అవమానంగా అనిపించింది. "నేనేం మోసం చెయ్యను కదా" అన్నాడు. మందుల ట్రయల్స్‌లో పెద్ద పెద్ద డాక్టర్లకి కూడా ఎవరికి ఏ మందు ఇస్తున్నారో చెప్పరని అన్నాక మెత్తబడ్డాడు.

శాతాలా, మైక్రాన్లా అన్నదాని మీద పెద్ద చర్చ. గీతలన్నీ ఒకే వెడల్పు ఉండవు, చెయ్యి నొక్కినదాన్ని బట్టి మారతాయి. రెండు అంచులూ చెరో 150 మైక్రాన్లు ముందుకి వచ్చాయనుకుందాం. గీత 600 మైక్రాన్లదైతే 50 శాతం మూసుకున్నట్టు. 900 మైక్రాన్లదైతే 33 శాతమే. కణాలు పాకింది మాత్రం అంతే దూరం! చాలా పోస్టర్లలో శాతాలే కనిపిస్తాయి, పేపర్లలో కూడా. వీళ్లు మాత్రం అంచు ఎంత కదిలిందో మైక్రాన్లలోనే చెప్పాలని తేల్చారు. నాకు ముచ్చటేసింది.

ఆరో వారం

కోడ్ కాగితం తెరిచాం. 1 శాతంలో అంచులు స్పష్టంగా వెనకబడ్డాయి. ఒక్కో రకానికి మూడు వెల్స్ కొలిచారు కాబట్టి "ఎన్ ఈక్వల్స్ త్రీ", అంటే ప్రయోగం మూడుసార్లు చేశామని షీట్‌లో రాసేశారు. కొట్టేయించాను. మూడు వెల్స్‌లోనూ ఉన్నవి ఒకే ఫ్లాస్క్ కణాలు, ఒకే రోజు, ఒకే సీసా మీడియం, అవే చేతులు. ఆ రోజు ఏదైనా తేడా జరిగి ఉంటే మూడిట్లోనూ జరిగి ఉంటుంది. కాబట్టి ఒక రోజు ప్లేట్ మొత్తానికి ఒక రకానికి ఒకటే అంకె. మూడు కావాలంటే మూడు వేర్వేరు రోజులు చెయ్యాలి. ఇద్దరూ డీలా పడ్డారు.

ఇంకో నియమం కూడా ముందే రాయించాను: పొర లేచిపోయినా, గీత వంకరపోయినా ఆ వెల్‌ని ఫోటో తీసేటప్పుడే వదిలెయ్యొచ్చు, కారణం నోట్‌బుక్‌లో రాయాలి. అంకె చూశాక మాత్రం ఏదీ వదలకూడదు.

ఈ మధ్యలో ఒక తండ్రి ఫోన్. పేపర్ ఎప్పుడు పబ్లిష్ అవుతుంది, అందులో మావాడి పేరు ఎన్నోది అని. ఎనిమిది వారాల పనికి పేపర్ రాదండీ, పోస్టర్ వస్తుంది అని చెప్పాను. వేరే ప్రోగ్రాములో డబ్బు కడితే పేపర్ గ్యారంటీ అన్నారట. గ్యారంటీ పేపర్ ఇచ్చేచోట పిల్లాడు ఏం కొలుస్తాడో అడగండి అన్నాను. కాస్త కటువుగానే వచ్చింది మాట. ఆయన మాత్రం నొచ్చుకోలేదు, మర్నాడు అబ్బాయిని అడిగి పిపెట్ గురించి చెప్పించుకున్నారట.

ఏడో వారం

మూడు రోజుల లెక్కలూ చేతికొచ్చాయి. మూడుసార్లూ 1 శాతం నెమ్మదే. 5కీ 10కీ మధ్య మాత్రం ఒకరోజు ఇది ముందు, ఇంకోరోజు అది ముందు. అమ్మాయికి ఇది నచ్చలేదు. మెట్లు మెట్లుగా దిగే గ్రాఫ్ వస్తుందని అనుకుంది. ఇంకొన్నిసార్లు చేస్తే తేలొచ్చు, టైమ్ లేదు. "5, 10 శాతాల మధ్య తేడా ఉందో లేదో ఈ లెక్కలతో చెప్పలేం" అనే వాక్యం తనచేతే రాయించాను.

పోస్టర్ శీర్షికలో "కణాల వలస" అని పెట్టారు. దాని మీద ఒక పూట గడిచింది. 3టీ3 కణాలు దాదాపు రోజుకోసారి రెట్టింపవుతాయి. 16 గంటల్లో కొన్ని విభజన చెంది ఉంటాయి. కాబట్టి ఖాళీ పూడటంలో పాకినవాటి వాటా ఎంత, కొత్తగా పుట్టినవాటి వాటా ఎంత? విభజనని ఆపడానికి మైటోమైసిన్ సీ వాడతారు. అది కీమోథెరపీ మందు, విషం. పిల్లల చేతికి ఇచ్చేది కాదు. నేను చేసి పెడతానంటే ప్రొఫెసర్ గారి షరతు అడ్డం. అందుకని శీర్షిక "గీత మూసుకునే వేగం" అయింది. కొలిచింది అదే.

ఎనిమిదో వారం

పోస్టర్ రోజు. టెన్షన్ నాకే ఎక్కువ. పక్క పోస్టర్లలో జీన్ ఎడిటింగ్, మెషీన్ లెర్నింగ్. మావాళ్లది ఎలుక కణాల మధ్య ఒక గీత. మొదట ఎవరూ ఆగలేదు. తర్వాత కణాల కదలిక మీదే పనిచేసే సీనియర్ సైంటిస్టు ఒకావిడ వచ్చి, నేరుగా గ్రాఫ్ మీద వేలు పెట్టి "ఇక్కడ ఎన్ ఎంత?" అని అడిగారు. అబ్బాయి "మూడు రోజులు. రోజుకి మూడు వెల్స్, కానీ వాటి సగటే తీసుకున్నాం" అన్నాడు. "ఎవరు కొలిచారు?" "ఇద్దరం, ఏది ఏదో తెలియకుండా." ఆవిడ వెంటనే విభజన గురించి అడిగారు. అమ్మాయి మైటోమైసిన్ సంగతి చెప్పి, తమకి ఎందుకు ఇవ్వలేదో కూడా చెప్పింది. మందు లేకుండానే తేల్చే దారులున్నాయని ఆవిడ ఒకటి సూచించారు. గంటకోసారి ఆటోమేటిక్‌గా ఫోటోలు తీసే మైక్రోస్కోప్ ఉంటే ఒక్కో కణాన్ని వెంబడించి, ఏది పాకింది, ఏది రెండైంది విడిగా లెక్కపెట్టొచ్చు. మా పై అంతస్తులో అలాంటిది ఉంది. రాత్రిళ్లు దాని స్లాట్లు ఖాళీగానే ఉంటాయి. పిల్లలు ఉండక్కర్లేదు, సాయంత్రం ప్లేట్ పెట్టి వెళ్తే చాలు.

వెళ్లే ముందు ఇద్దరూ ఒరిజినల్ ఫోటోలు, కోడ్ కాగితం, షీట్లు ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఏ ఫైల్ ఏమిటో ఒక పేజీ రాసిచ్చారు. మిగిలిన కణాలని, గడ్డకట్టించినా చావకుండా కాపాడే డీఎంఎస్‌ఓ 10 శాతం కలిపిన మీడియంలో వయల్స్‌కి ఎత్తి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచి, మర్నాడు లిక్విడ్ నైట్రోజన్‌లోకి మార్చాం. లేబుల్స్ మీద తేదీ, పాసేజ్ నంబర్ (కణాలని ఎన్నిసార్లు కొత్త డిష్‌లోకి మార్చామో ఆ లెక్క) ఉన్నాయి. వచ్చే బ్యాచ్‌కి 10, 5, 1తోపాటు 2.5 శాతం కూడా పెట్టమని అమ్మాయి నోట్‌బుక్ చివరి పేజీలో రాసింది. పై అంతస్తు మైక్రోస్కోప్‌కి ట్రైనింగ్ ఎవరిస్తారో నేను రేపు కనుక్కోవాలి.